పీరు మెడలో తలె అంచు

పాన్‌గల్ గుట్ట కింద కంచరి ఇల్లు ఒక్కటే ఉండేది. చుట్టుపక్కల ఊళ్లలో ఏ బిందె సొట్టపోయినా, ఏ అన్నం తలె చిల్లిపడినా, ఏ రాగి కాగు అడుగు ఊడినా ఆ ఇంటి ముందు పందిరి కిందికి రావలసిందే. పందిరి కింద కొలిమి ముందు కూర్చునే మనిషి బాలస్వామి. మనిషి పొట్టి, చేతులు మాత్రం పొడుగు. గిన్నెకు మాటు వేయించుకోవడానికి వచ్చినవాళ్లను ఏదో ఒకటి అడగకుండా పంపేవాడు కాదు. గుడ్డులో పిల్లకు గాలి ఎక్కడినుంచి వస్తుంది, నీళ్లలో పెట్టిన కట్టె వంకరగా ఎందుకు కనబడుతుంది, ఏడుపు వస్తే ముక్కు ఎందుకు కారుతుంది. జవాబు చెప్పలేక జనం నవ్వేవాళ్లు. వెనకాల "అడుగుడు బాలసామి" అనేవాళ్లు. ఆ పేరు చెవిన పడ్డా అతను ఏమీ అనుకోలేదు.

అన్ని ప్రశ్నలకన్నా పాతది ఒకటి అతనిలో ఉండిపోయింది. అది తండ్రి శంకరయ్య బతికున్న రోజుల్లో మొదలైంది. ఒకనాడు శంకరయ్య ఒకే మూసలో ఇత్తడి కరిగించి రెండు చెంబులు పోసాడు. ఒకటి గుళ్లో కలశానికి, ఇంకొకటి ఒక దొరగారు తెల్లవారుజామున బయటికి పోయేటప్పుడు పట్టుకపోవడానికి. మెరుగు పెడుతూ బాలస్వామి రెండింటినీ కలిపేశాడు. ఏది దేవుడిదో, ఏది దొరదో తెలియక బిక్కమొహం వేసుకుని తండ్రిని అడిగాడు.

"ఏదైతేంది? ఇయ్యాలటికి రెండు ఒకటే," అన్నాడు శంకరయ్య.

"రేపు?"

"రేపు ఒకటి గాదు. రేపు కలిపినవంటే తోలు తీస్త."

"మరి ఈ నడుమ వాటికి ఏమైతది నాయినా?"

శంకరయ్య సుత్తి ఎత్తి, దించి, కొడుకు ముఖంలోకి చూశాడు. తర్వాత పని చూసుకోమన్నాడు. ఆయన పోయేదాకా ఆ మాటకు జవాబు చెప్పలేదు. అడిగిన ప్రతిసారీ పని చూసుకోమనేవాడు.

బాలస్వామికి పెళ్లయింది. భార్య ఈదమ్మ గట్టి మనిషి. తిత్తి ఊదడంలో మగవాళ్లను మించింది. పిల్లలు కలగలేదు. ఆ బాధ ఇద్దరికీ ఉన్నా ఒకరి ముందు ఒకరు బయటపెట్టుకోలేదు. సాయంత్రం కొలిమి చల్లార్చి అరుగు మీద కూర్చుని, అతను అడుగుతుంటే ఆమె తోచింది చెప్పేది, తోచకపోతే బియ్యం ఏరుకునేది. పంతొమ్మిది వందల ముప్పైల నడిమికి వచ్చేసరికి వాళ్ల బతుకు అట్లా ఒక దారిన పడింది.

ఆ ఏడు పీర్ల పండుగలో పెద్ద ఆపద వచ్చింది.

పాన్‌గల్‌లో పీర్ల పండుగ అంటే సాయిబులది మాత్రమే కాదు. ఏడాదంతా చావిడిలో పెట్టెలో ఉండే ఇత్తడి పీర్లను మొహర్రం నెలలో బయటికి తీసి, కడిగి, వెదురు కట్టెలకు ఎక్కించి, రంగు దట్టీలు చుట్టి నిలబెడతారు. ఊరంతా బెల్లం కలిపిన మలీద ముద్దలు తెచ్చి, ఊదు వేసి మొక్కుతుంది. చావిడి చూసుకునేది ముసలి మదార్ సాబు. అన్నింటికన్నా పెద్ద పీరు అరచేయి ఆకారంలో ఉంటుంది. దాన్ని ఎత్తేది కాపుదనం చేసుకునే బక్కయ్య, అతని తాతలనాటి నుంచి ఆ హక్కు వాళ్ల ఇంటిదే. పీరు భుజానికెత్తుకోగానే బక్కయ్యకు పూనకం వచ్చేది, నిప్పుల గుండం చుట్టూ ఎగిరేవాడు.

పండుగ నడిమిలో ఒక సాయంత్రం గుండం గట్టు మీద బక్కయ్య కాలు జారింది. పీరు పోయి అంచున ఉన్న బండకు తగిలింది. టంగుమని ఒక చప్పుడు. డప్పులు ఆగిపోయాయి. చూస్తే అరచేయి మెడ దగ్గర విరిగి, ఒక పక్కన సన్నగా అతుక్కుని వేలాడుతోంది. ఆడవాళ్లు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చారు. బక్కయ్య అక్కడే మట్టిలో కూలబడ్డాడు. ఇంటికి రమ్మన్నా లేవలేదు, నీళ్లు ఇస్తే ముట్టలేదు.

మర్నాడు పొద్దున్నే మదార్ సాబు పచ్చగుడ్డలో చుట్టిన మూటను రెండు చేతులమీద పెట్టుకుని కంచరి పందిరి కిందికి వచ్చాడు. వెనక సగం ఊరు వచ్చి వాకిట్లో నిలబడింది.

"బాలసామీ, పండుగ ఇంక మూడు దినాలున్నది. గిట్ల ఎత్తుకునేది ఎట్ల బిడ్డా? నువ్వే ఏదన్న జెయ్యాలె."

ఈదమ్మ లోపలినుంచి పీట తెచ్చి, కడిగి, పసుపు రాసి కొలిమి పక్కన వేసింది. మూట దానిమీద పెట్టారు. బాలస్వామి స్నానం చేసి వచ్చి గుడ్డ విప్పాడు. ఊదు వాసన గుప్పుమంది. చిన్నప్పటి నుంచి దూరం నుంచి మొక్కిన చేయి ఇప్పుడు అతని చేతిలో ఉంది. ఏదో అవుతుందని ఎదురుచూశాడు. ఏమీ కాలేదు. తుత్తునాగం కాస్త ఎక్కువ కలిసిన ఇత్తడి, అని అతని వేళ్లకు తెలిసింది, అంతే.

"కాకా, మాటు పడాల్నంటే నిప్పుల పెట్టాలె. సుత్తితోని కొట్టాలె. ఆకురాయితోని గీకాలె. ఒప్పుకుంటవా?"

మదార్ సాబు గడ్డం నిమురుకున్నాడు. "నిప్పుల కాడ ఆడేటోనికి నిప్పు కొత్తగాదు. సుత్తి సంగతే జర పరేషాన్ జేస్తుంది. మెల్లగ కొట్టు."

"మెల్లగ కొడితే అతకది."

"అయితే గట్టిగనే కొట్టు. నేను మొఖం అటు తిప్పుకుంట."

ముసలాయన నిజంగానే గోడవైపు తిరిగి కూర్చున్నాడు. ఈదమ్మ తిత్తి ఊదింది. బాలస్వామి విరిగిన చోట పట్టిన నూనె జిడ్డును, మసిని గీకి శుభ్రం చేస్తుంటే మెడ లోపల పాత అతుకు ఒకటి బయటపడింది. పీరు ఇంతకుముందే ఒకసారి విరిగింది. అప్పుడెవరో కంచరి మెడ చుట్టూ ఒక పట్టీ వేసి మాటు పెట్టాడు. ఆ పట్టీని వెలుతురుకు తిప్పి చూసి బాలస్వామి పట్టకారు కింద పెట్టేశాడు. పట్టీ పొడుగునా రెండు సన్నని గీతలు, వాటి మధ్య గొలుసు అల్లిక. అటువంటి అంచును అతను వందలసార్లు చూశాడు. అది అన్నం తినే తలె అంచు.

"కాకా, ఇటు జూడు. జర ఇటు జూడు."

"కొట్టుడు అయ్యిందా?"

"ఇంక కొట్టలే. ఇది జూడు, పీరు మెడకాయల తలె ముక్క ఉన్నది. ఎవరో తిన్న తలె."

మదార్ సాబు కళ్లు చికిలించి దగ్గరగా చూశాడు. బాలస్వామి ఆయన ముఖాన్నే చూస్తున్నాడు. ముసలాయన ముఖంలో కోపం గానీ, దుఃఖం గానీ రాలేదు.

"మా తాత కాలంల ఒకసారి ఇరిగిందని మా నాయిన అంటుండె. కరువు దినాలంట. ఎవలింట్ల ఉన్నది వాళ్లు ఇచ్చి ఉంటరు."

"ఎంగిలి తలె కద కాకా. ఎన్నేండ్ల సంది మొక్కుతున్నం దానికి!"

"మొక్కినం."

"ఇది ఎప్పుడు దేవుడైంది మరి?"

మదార్ సాబు నిప్పుల వైపు చూపించాడు. "చలికాలం కొలిమి కాడ కూసుంటవ్ కద. ఎచ్చదనం నిప్పుల ఉంటదా, నీ ఒంట్ల ఉంటదా?"

"నిప్పులనే ఉంటది."

"ఒల్లు లేకుంటే అది ఎచ్చదనమని ఎవనికి తెలుస్తది?"

"నేను లేకున్న ఈ గోడ ఎచ్చగైతది కాకా. చెయ్యి పెట్టి జూడు."

మదార్ సాబు గోడ మీద చెయ్యి పెట్టి చూశాడు. వెచ్చగానే ఉంది. పళ్లులేని నోటితో నవ్వాడు. "అయితే నాకు తెల్వది బిడ్డా. నువ్వు కొట్టు." మళ్లీ అటు తిరిగాడు.

బాలస్వామి పాత పట్టీని తీసేయలేదు. దానికి వెలిగారం పూసి, కొత్త మాటు పెట్టి, దాని మీదనే అరచేతిని నిలిపాడు. మధ్యాహ్నానికి అతుకు చల్లారింది. మెరుగు పెట్టి ఇస్తే ఎక్కడ విరిగిందో వెతికినా కనబడలేదు. వాకిట్లో జనం "ఆసన్న ఊసన్న" అని పీర్ల కేకలు పెట్టారు. బక్కయ్యను లేపుకొచ్చారు. అతను పీరును అందుకుని, బాలస్వామి కాళ్లకు మొక్కబోయాడు. బాలస్వామి ఎగిరి పక్కకు దూకాడు.

పండుగ బాగానే గడిచింది. చిక్కంతా ఆ తరువాత వచ్చింది.

పీర్లు పెట్టెలోకి పోయిన మర్నాడు ఈదమ్మ ఊడ్వడానికి పోతే, పీట వేసిన చోట ఎవరో ఊదు వెలిగించి పోయారు. ఆ సాయంత్రం జోగులమ్మ అనే కూలి మనిషి వచ్చి, బిడ్డకు జ్వరమని కొలిమిలో చిటికెడు బూడిద తీసుకపోయింది. జ్వరం తగ్గింది. ఇంకేముంది, బూడిద కోసం గుంపులుగా రాసాగారు. పందిరి బయట చెప్పులు విడిచేవాళ్లు. ఆ చోటు తొక్కకుండా చుట్టూ తిరిగి నడిచేవాళ్లు. మొదట బాలస్వామికి తమాషాగా అనిపించింది. వారం గడిచేసరికి తమాషా పోయింది. ఎంగిలి తలెలు, మురికి చెంబులు ఆ పందిరి కిందికి తేవడానికి జనానికి చేతులు రాలేదు. సొట్టపోయిన బిందెను మోసుకుని కొల్లాపూర్ దాకా పోయేవాళ్లు గానీ ఇక్కడికి రాలేదు. కొలిమి చల్లగా పడి ఉండేది.

"నిజం చెప్తే అయిపోతది," అనుకున్నాడు బాలస్వామి. బూడిదకు వచ్చిన వాళ్లను కూర్చోబెట్టి, పీరు మెడలో ఉన్నది అన్నం తిన్న తలె అంచు అని చెప్పాడు. తాను కళ్లారా చూశానన్నాడు. వాళ్లు నోరు తెరుచుకుని విన్నారు.

"ఎవరి తలెనో! ఎంత పున్నెం జేసుకున్నరో!" అంది జోగులమ్మ, రెండు చెంపలూ వేసుకుంటూ.

ఆ మాట ఊళ్లో పాకింది. మర్నాటికి నలుగురు ఆ తలె తమ తాతలదే అన్నారు. ఆ రోజు ఊదు ఇంకా ఎక్కువ వెలిగింది.

బాలస్వామికి కోపం రాలేదు, ఆశ్చర్యం వేసింది. ఒకనాటి మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు ఆ చోటు ముందు నిలబడ్డాడు. అది తన ఇంటి నేల. చిన్నప్పుడు అక్కడే పాకాడు, బొగ్గులు పోశాడు, ఉమ్మేశాడు. చూద్దామని కుడికాలు ఎత్తి దాని మధ్యలో పెట్టాడు. ఏమీ కాలేదు. మన్ను చల్లగా తగిలింది. కాలు తీసి వెనక్కు జరిగాడో లేదో, వంగి ఆ నేలను తాకి వేళ్లు కళ్లకు అద్దుకున్నాడు. అద్దుకున్నాక గానీ ఏం చేశాడో అతనికి తెలియలేదు. గడపలో ఈదమ్మ నిలబడి ఉంది.

"చూసినవా?" అన్నాడు.

"చూసిన."

"నేను మొక్కాల్నని మొక్కలేదు. అందులో ఏముందో నాకంటే ఎక్కువ ఎవరికి తెల్సు? అయినా చెయ్యి దానంతటదే పోయింది."

"పోతే పోయింది," అంది ఈదమ్మ. "చెయ్యి పోయిందని బాధపడుతున్నవా, పొయ్యి మీద ఏం పెట్టాల్నో అది బాధపడు. జొన్నలు అయిపోయినయ్."

ఆమె అక్కడ ఆగలేదు. కొంగు నడుముకు చుట్టి చావిడికి పోయి మదార్ సాబును నిలదీసింది. "మీ దేవుడు మా ఇంట్ల కూసున్నడు, లేస్తలేడు. మేము తినాల్నా వద్దా?" అని అడిగింది. ముసలాయన ఆమె చెప్పిందంతా విని తల ఊపాడు.

మర్నాడు సంత. పాన్‌గల్ సందులన్నీ జనంతో నిండి ఉన్నాయి. ఆ జనం మధ్యనుంచి మదార్ సాబు నడిచి వచ్చాడు. చేతిలో రోజూ పొద్దున బయటికి పట్టుకపోయే చెంబు, అడుగున చిల్లి. అందరికీ కనబడేటట్టు దాన్ని పైకెత్తి పట్టుకున్నాడు. పందిరి కిందికి చెప్పులతోనే వచ్చాడు. నేరుగా ఆ చోటు మీదనే గొంతుక్కూర్చుని చెంబును బాలస్వామి ఒళ్లోకి తోశాడు.

"కారుతుంది. మాటెయ్."

సందులో జనం ఆగిపోయారు. ఎవరో "సాబూ, అక్కడ..." అన్నారు.

"ఏందక్కడ?" అన్నాడు మదార్ సాబు. "దేవుడు వచ్చిండు, పని జేయించుకున్నడు, పోయిండు. నీ ఇంటికి సుట్టం వచ్చిపోతే వాడు కూసున్న మంచం మీద మల్ల పండుకోవా నువ్వు?"

ఈదమ్మ అప్పటికే తిత్తి దగ్గర కూర్చుంది. చెంబు నిప్పుల్లోకి పోయింది. మధ్యాహ్నం దాటేసరికి ఒకామె బిందె తెచ్చింది, ఇంకొకరు తలె తెచ్చారు. నాలుగు రోజుల్లో కొలిమి మునుపటిలా మండింది. జోగులమ్మ మాత్రం చాలాకాలం పందిరి బయటనే చెప్పులు విడిచి వచ్చేది, ఎవరేమన్నా ఊరుకునేది.

యుద్ధం రోజులు వచ్చాయి. బజారులో కొత్త ఇత్తడి కరువైంది. మదార్ సాబు అప్పటికి పోయాడు. బాలస్వామి తలలో తెల్లవెంట్రుకలు దిగాయి. ఒక ఎండాకాలం ఖిల్లా ఘణపూర్ నుంచి భీమయ్య అనే రైతు ఇద్దరు మనుషులతో వచ్చాడు. వాళ్ల ఊరి చావిడి కప్పు అంటుకుని పెద్ద పీరు కరిగిపోయింది. కొత్తది పోయాలి. మీ ఊరి పెద్ద పీరును అతికిన కంచరివి నువ్వే కద అని వెతుక్కుంటూ వచ్చారు. ఇత్తడి వాళ్లే తెచ్చారు. ఒక గోనెసంచిలో ఊరంతా తిరిగి అడుక్కొచ్చిన పగిలిన గంటలు, గరిటెలు, మూతలు. కరిగిన పీరు ముద్ద మాత్రం చిన్న గుడ్డలో వేరేగా ఉంది.

"ఇది వేరే ఎందుకు కట్టినరు?" అని అడిగాడు బాలస్వామి.

భీమయ్య తల గోక్కున్నాడు. "ఏమో అన్నా. దేవుడందామంటే ఆకారం లేదు. సంచిల వేద్దామంటే మనసొప్పలేదు. తెల్వక వేరే కట్టినం."

వాళ్లు పోయాక బాలస్వామి ముఖం వెలిగిపోయింది. "ఈసారి కన్నార్పకుండ చూస్త," అన్నాడు ఈదమ్మతో. "మొదటి నుంచి నా చేతులనే ఉంటది. ఏ ఘడియల దేవుడైతదో చూస్త."

ముద్దను, గంటలను, గరిటెలను కలిపి కరిగించాడు. మట్టి అచ్చులో పోశాడు. ఈదమ్మ తిత్తి వదిలి చెమట తుడుచుకుంటూ "అయ్యిందా?" అంది. "ఇంక గాలే," అన్నాడు. అచ్చు పగలగొట్టి తీస్తే నల్లగా, గరుకుగా అరచేయి వచ్చింది. "ఇప్పుడు?" "గాలే." వేళ్లు విడదీసి, అంచులు గీకి, చింతపండుతో తోమి మెరుగు పెట్టాడు. బంగారంలా మెరిసింది. అయినా కాలేదు. పీరును గోడకు ఆనించి పెట్టాడు. ఈదమ్మ ఊడుస్తుంటే అడ్డం వచ్చిందని చీపురు కట్టతో పక్కకు జరిపింది. అది చూసి బాలస్వామి ఇంకా కాలేదని తల ఊపుకున్నాడు.

భీమయ్య మళ్లీ వచ్చిన పొద్దున ఊదు, కొత్త గుడ్డ, కొబ్బరికాయ తెచ్చాడు. కాయ కొట్టి, రెండు చేతులతో పీరును ఎత్తి, నొసటికి ఆనించుకుని గుడ్డ చుట్టబోయాడు. అప్పుడు బాలస్వామి కంటికి బొటనవేలి పక్కన చిన్న గరుకు కనబడింది. గుడ్డకు తగిలి పోగు లేస్తుందని ఆకురాయి తీసుకుని చెయ్యి చాపాడు.

భీమయ్య పీరును రెండడుగులు వెనక్కు తీసుకున్నాడు. "కాళ్లు చేతులు కడుక్కున్నవా అన్నా?"

బాలస్వామి చెయ్యి గాలిలోనే ఆగింది. "ఇప్పుడే!" అని అరిచాడు. "ఈదీ, ఇప్పుడే అయ్యింది! చూసినవా?" ఈదమ్మ నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. భీమయ్య బిత్తరపోయాడు.

"భీమన్నా, జర ఆగు. ఇప్పుడు నీ చేతుల ఉన్నది ఏంది?"

"ఏందంటే? దేవుడు."

"నిమిషం కింద గోడకు ఆనిచ్చి ఉన్నప్పుడు?"

"నిమిషం కింద నేను ఎత్తుకోలే కద."

"అయితే నువ్వు చేసినవ్ దేవుణ్ణి."

భీమయ్య ముఖం మాడింది. "గట్లనకు అన్నా. నేనెంతటోన్ని? ఆయన ఉన్నడు గనుకనే ఎత్తుకున్న."

బాలస్వామి ఆ ఇద్దరు మనుషుల వైపు చూశాడు. వాళ్లూ తల ఊపారు. చేసినవాడు తాను చేయలేదంటాడు, ఎత్తుకున్నవాడు తాను చేయలేదంటాడు. ఇత్తడి మారలేదు. అది గరుకుతో సహా అట్లనే ఉంది. అయినా ఇందాకటిది, ఇప్పటిది ఒకటి కాదని అతనికీ తెలుస్తోంది. దేవుడు మనుషుల తలలోనే ఉంటే భీమయ్య అంత భయపడనక్కరలేదు. ఇత్తడిలోనే ఉంటే ఈదమ్మ చీపురుతో జరిపిననాడే తెలియాలి. రెండింటికీ నడుమ ఎక్కడో ఏదో ఉంది, దాని కొస ఇప్పుడు అతని కంట పడింది. పట్టుకునేంతలో జారిపోయింది. అయినా అతనికి చెప్పలేనంత సంతోషమైంది.

బావి దగ్గరికి పోయి కాళ్లు కడుక్కుని, చేతులు కడుక్కుని వచ్చాడు. భీమయ్య పీరును వంచి పట్టుకున్నాడు. బాలస్వామి ఆకురాయిని ఆ గరుకు మీద పెట్టాడు. నిన్న అదే ఇత్తడి చేతిని ఎట్లా పడితే అట్లా తిప్పి గీకాడు. ఇప్పుడు పసిపిల్ల గోరు తీస్తున్నట్టు, ఊపిరి బిగబట్టి, ఒక్కొక్క గీత గీశాడు. ఇత్తడి రజను రాలితే ఈదమ్మ చెప్పకుండానే అరచెయ్యి కింద పట్టింది.

ఘణపూర్ వాళ్లు బయలుదేరారు. బాలస్వామి ఊరి చివరిదాకా వాళ్లతో నడిచాడు. ఎండ చురుక్కుమంటోంది. భీమయ్య తన తలకు చుట్టుకున్న రుమాలు విప్పి పీరు మీద కప్పాడు. ఇత్తడికి ఎండ ఏం చేస్తది భీమన్నా అని అడగబోయాడు బాలస్వామి. నోటిదాకా వచ్చింది కూడా. అంతలో గాలికి రుమాలు అంచు లేచింది. అతను చెయ్యి చాపి ఆ అంచును పట్టుకుని, వాగు దాటేదాకా అట్లనే వాళ్ల పక్కన నడిచాడు.